కోస్తా దారుల్లో సైకిలు ప్రయాణం

(రాంగోపాల్‌పేట్‌లో జరిగిన మన సంఘం సభ్యుల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



మామూలుగా ఈ వేదిక మీద మనం డి.ఏ. బకాయిల గురించి, ఆరోగ్య కార్డుల గురించి, లైఫ్ సర్టిఫికెట్ల గురించి మాట్లాడుకుంటాం. ఈసారి కార్యదర్శి గారు "ఒక్కరైనా బకాయిలు లేని సంగతి మాట్లాడండి" అని కార్యక్రమ పత్రంలో నా పేరు రాశారు. నేను పండితుణ్ణి కాను, వక్తను అంతకన్నా కాను. 1973లో గుమాస్తాగా చేరి 2008లో యాభై ఎనిమిదేళ్లు నిండి దిగిపోయినవాణ్ణి. నాకు తెలిసిన బకాయి లేని సంగతి ఒక్కటే. అది సైకిలు.

మన తరం గుమాస్తాకు సైకిలంటే ఏమిటో ఇక్కడ కూర్చున్నవారికి చెప్పనక్కరలేదు. వెంట వచ్చిన మనవల కోసం చెబుతాను. ఆ రోజుల్లో సైకిలు కొనుక్కోవడానికి ఆఫీసు అడ్వాన్సు ఇచ్చేది. నెల నెలా జీతంలో కోసుకునేది. ఇరవై రెండు అంగుళాల నల్ల సైకిలు, వెనక క్యారియరు, దాని మీద టిఫిను డబ్బా, ముందు డైనమో దీపం. నేను రాంగోపాల్‌పేట్ నుంచి రాణీగంజ్ మీదుగా ట్యాంక్‌బండ్ ఎక్కి, సచివాలయం వైపు పాతికేళ్లు తొక్కాను. ఎడమా కుడీ ఏమున్నదో చూసే తీరిక ఒక్కరోజూ లేదు. హాజరు పట్టీలో ఎర్ర గీత పడకముందే సంతకం పెట్టాలి, అంతే.

రిటైరైన తరవాత సైకిలు వసారాలో ఒక మూలకు చేరింది. అరవై ఎనిమిదో ఏట దాన్ని మళ్లీ బయటకు తీశాను. ఇప్పుడు నాకు డెబ్బై అయిదు. ఈ ఏడేళ్లలో చలికాలం వచ్చిందంటే చాలు, కోస్తాలో ఏదో ఒక తోవ పట్టాను. సముద్రం, అడవి, సరస్సు ఉండి, సైకిలుకు అనుకూలమైన తోవలు మన తెలుగు తీరంలో ఉన్నాయి. వాటి గురించి నాలుగు మాటలు చెబుతాను.

బలం కాదు, వేళ

తోవల వివరాలకు ముందు ఒక్క సంగతి. సముద్రతీరంలో సైకిలు తొక్కడానికి కావలసింది కండబలం కాదు. గాలి ఎటు వీస్తున్నదో, ఎండ ఎప్పుడు ముదురుతుందో చూసుకుని వేళ ఎంచుకోవడం. రెండోది, తొందర లేకపోవడం. ఈ రెండూ కుర్రవాళ్ల దగ్గర కన్నా మన దగ్గరే ఎక్కువ. అందుకే ఈ తోవలు మన వయసువారి తోవలు అంటున్నాను.

గాలి లెక్క చాలా సులువు. పగలు నేల త్వరగా వేడెక్కుతుంది, సముద్రం నిదానంగా వేడెక్కుతుంది. అందుచేత పొద్దెక్కాక గాలి సముద్రం మీద నుంచి నేల మీదికి వస్తుంది. రాత్రి నేల త్వరగా చల్లబడుతుంది. కాబట్టి తెల్లవారుజామున గాలి నేల మీద నుంచి సముద్రం వైపు మెల్లగా వీస్తుంది. దీనికి తోడు ఋతువు గాలి ఉంటుంది. మార్చి నుంచి జూన్ దాకా తీరం వెంబడి నైరుతి గాలి, కార్తీకం దాటాక ఈశాన్యపు గాలి. బెస్తవారికి ఇది పుట్టుకతో తెలుసు. సైకిలు తొక్కేవాడికి రెండు రోజుల్లో తెలుస్తుంది. ఎదురుగాలిలో మూడు కిలోమీటర్లు తొక్కడం కన్నా గాలి వాలులో పది తొక్కడం తేలిక.

విశాఖపట్నం - భీమిలి

అందరికీ తెలిసిన తోవతో మొదలుపెడతాను. విశాఖలో రామకృష్ణా బీచి నుంచి భీమునిపట్నం దాకా తీరం వెంటే రోడ్డు. ముప్పై కిలోమీటర్లకు కాస్త తక్కువ. ఒక పక్క బంగాళాఖాతం, మరో పక్క తూర్పు కనుమల చివరి కొండలు. ఆ కొండల వెనకే కంబాలకొండ అభయారణ్యం.

బయలుదేరిన కాసేపటికే కురుసుర జలాంతర్గామి కనబడుతుంది. 2001లో నౌకాదళ సేవ నుంచి తప్పుకుని, 2002లో ఒడ్డుకెక్కి మ్యూజియం అయింది. ఎదురుగా 2017లో పెట్టిన టీయూ-142 విమానం ఉంది. రిటైరైన తరవాత కూడా రోజూ జనం వచ్చి చూసి పోతుంటే ఎలా ఉంటుందో వాటిని అడగాలి. ఆపైన తెన్నేటి పార్కు, కైలాసగిరి పాదం. అక్కడ రోడ్డు కొంచెం ఎక్కుతుంది. గేర్లు లేని సైకిలైతే దిగి నడిపించుకుపోవచ్చు. అందులో నామోషీ ఏమీ లేదు. ఋషికొండ దగ్గర కూడా అంతే.

ఋషికొండ దాటాక రద్దీ తగ్గుతుంది. అప్పుడు మంగమారిపేట వస్తుంది. అక్కడ ఒడ్డున రాతిని సముద్రమే తొలిచి చేసిన సహజమైన తోరణం ఉంది. ఎదురుగా కొండ మీద తొట్లకొండ బౌద్ధారామం. 1970లలో నౌకాదళం వారు ఆకాశం నుంచి సర్వే చేస్తుండగా ఇది బయటపడింది. 1988 నుంచి 1993 దాకా తవ్వకాలు జరిపారు. నీరు నిలవ చేసుకోవడానికి భిక్షువులు రాతిలో తొలిచిన తొట్లే ఆ కొండకు పేరయ్యాయి. సైకిలు కింద పెట్టి, ఆటో దొరికితే ఆటోలో ఎక్కండి. పైనుంచి చూస్తే మీరు వచ్చిన తోవ, వెళ్లబోయే తోవ రెండూ గీత గీసినట్టు కనబడతాయి.

భీమిలికి ముందు ఎర్రమట్టి దిబ్బలు. గాలి మోసుకొచ్చిన ఇసుక వేల సంవత్సరాలు పేరుకుని, ఇనుము తుప్పుతో ఎర్రబడి, వానకు గాడులు పడి ఏర్పడినవి. ఇలాంటివి దక్షిణాసియాలో చాలా అరుదు. భూగర్భ సర్వే శాఖ 2014లో వీటిని భూవారసత్వ స్థలంగా గుర్తించింది. 2024 జులైలో అక్కడ యంత్రాలతో తవ్వుతున్నారని పెద్ద గొడవ జరిగింది. 2025లో యునెస్కో తాత్కాలిక జాబితాలోకి ఎక్కాయి. ఒక ఫైలులో ఈ రెండు కాగితాలూ పక్కపక్కనే ఉన్నాయంటే ఆ ఫైలు పరిస్థితి ఏమిటో మన గుమాస్తాలకు అర్థమవుతుంది.

భీమిలిలో గోస్తనీ నది సముద్రంలో కలుస్తుంది. డచ్చివారి సమాధులున్నాయి, పాత దీపస్తంభం ఉంది. 1861లోనే మునిసిపాలిటీ అయిన ఊరు అది. వేసవి మొదట్లో వెళ్తే నైరుతి గాలి వీపు మీద ఉండి భీమిలి దాకా తోస్తుంది. వెనక్కి వచ్చేటప్పుడు సైకిలును ఆటో మీద కట్టించుకోండి. చలికాలంలో వెళ్తే లెక్క తిరగబడుతుంది. అప్పుడు భీమిలి నుంచి విశాఖకు తొక్కడం సుఖం.

కాకినాడ - కోరంగి

తీరం వెంట దక్షిణంగా దిగితే కాకినాడ. అక్కడి నుంచి యానాం వెళ్లే రోడ్డు మీద పద్దెనిమిది కిలోమీటర్లు పోతే కోరంగి. 1978లో అభయారణ్యమైంది, విస్తీర్ణం 235 చదరపు కిలోమీటర్లు. గోదావరి మంచినీరు, సముద్రపు ఉప్పునీరు కలిసే చోట పెరిగే మడ అడవి అది. చెక్కబల్లల బాట మీద నడుస్తూ లోపలికి వెళ్లవచ్చు. సైకిలు గేటు దగ్గర తాళం వేసి పెట్టాలి. బురదలోంచి పెన్సిళ్లు గుచ్చినట్టు పైకి లేచిన వేళ్లు కనబడతాయి. ఆ చెట్లు వాటితోనే ఊపిరి పీల్చుకుంటాయి. చేపలు పట్టుకుతినే అడవి పిల్లి అక్కడ ఉంది గాని, అది మనకు దర్శనం ఇవ్వడం మన అదృష్టం మీద ఆధారపడి ఉంటుంది.

కోరంగి ఒకప్పుడు పెద్ద రేవు. 1839 నవంబరులో వచ్చిన తుపాను ఉప్పెన ఆ రేవును, ఓడలను, ఊళ్లను ఊడ్చేసింది. మన తెలుగువాళ్లు బర్మాకు కూలికి పోయిన రోజుల్లో అక్కడ వాళ్లను "కోరంగీలు" అని పిలిచేవారు. ఈ రేవు పేరే ఆ జనం పేరయింది. ఇవాళ అక్కడ సైకిలు ఆపి చూస్తే ఓడ లేదు, రేవు లేదు. మడ చెట్లున్నాయి. అవి ఉన్న చోట ఉప్పెన జోరు కొంత తగ్గుతుందని ఆ తీరం వారందరికీ తెలుసు.

ఈ రోడ్డు మీద లారీలు ఎక్కువ. తెల్లవారి బయలుదేరి, తొమ్మిది లోపల కోరంగి చేరి, సాయంత్రం ఎండ తగ్గాక తిరగాలి.

కాకినాడకు ఉత్తరాన ఉప్పాడ తోవ ఉంది. జాందానీ చీరల ఊరు అది. అక్కడ సముద్రం పక్కనే కాదు, రోడ్డు మీదే ఉంటుంది. కొన్నేళ్లుగా ఊరిని, తోవను కెరటాలు కోసుకుపోతున్నాయి. ఇసుక నింపిన పెద్ద గొట్టపు సంచులు వేశారు, రాళ్లు పోశారు. తుపాను వచ్చిన ప్రతిసారీ మళ్లీ మొదటికే వస్తున్నది. అలలు ఎగసే రోజున ఆ తోవ మీదికి వెళ్లవద్దు. మామూలు రోజున వెళ్లి చూడండి. ఇళ్లు పోగొట్టుకున్నవారు అక్కడే కూర్చుని వలలు బాగుచేసుకుంటూ కనిపిస్తారు. వారితో రెండు మాటలు మాట్లాడే వేగం సైకిలుకే ఉంది.

కొల్లేరు పక్కన

ఇది చిన్న తోవ, మోకాళ్ల నొప్పులున్నవారికి సరిపోతుంది. కైకలూరు నుంచి ఆటపాక రెండు మూడు కిలోమీటర్లే. అక్కడ చెరువులో నిలబెట్టిన మంచెల మీద గూడబాతులు గూళ్లు పెట్టి పిల్లల్ని చేస్తాయి. కృష్ణా గోదావరుల మధ్య ఉన్న ఈ మంచినీటి సరస్సు 1999లో అభయారణ్యమైంది, 2002లో అంతర్జాతీయ చిత్తడి నేలల జాబితాలో చేరింది. 2006లో చేపల చెరువుల గట్లు తెగ్గొట్టిన సంగతి మీకు గుర్తుండే ఉంటుంది. బుడమేరు, తమ్మిలేరు నీళ్లు తెస్తాయి. ఉప్పుటేరు ఒక్కటే సముద్రానికి దారి. అది తెలిస్తే 2024 సెప్టెంబరులో బుడమేరు వరద విజయవాడను ముంచినప్పుడు ఆ నీళ్లు ఆఖరికి ఎక్కడికి చేరాలో అర్థమవుతుంది.

పులికాట్ మీద పద్దెనిమిది కిలోమీటర్లు

ఇక నాకు అన్నిటికన్నా ఇష్టమైనది. గూడూరు మీదుగా మద్రాసు వెళ్లే రైలు మార్గంలో సూళ్లూరుపేట స్టేషను ఉంది. మునుపు నెల్లూరు జిల్లా, 2022 నుంచి తిరుపతి జిల్లా. కాళంగి ఒడ్డున చెంగాళమ్మ గుడి ఉంది. ఆ గుడికి రాత్రి కూడా తలుపులు వేయరని ప్రతీతి. ఆ ఊరి నుంచి తూర్పుగా శ్రీహరికోట దాకా ఉన్న తోవ సుమారు పద్దెనిమిది కిలోమీటర్లు. ఎత్తుపల్లాలు లేవు.

మొదట పొలాలు, ఊళ్లు. అటకానితిప్ప దాటేసరికి రోడ్డుకు రెండు పక్కలా నీళ్లే. చిలికా తరవాత దేశంలో రెండో పెద్ద ఉప్పునీటి సరస్సు పులికాట్. కొంత తమిళనాడులో, ఎక్కువ భాగం మన వైపు ఉంది. పేరుకు మహా సరస్సు గాని లోతు చాలా తక్కువ, చాలా చోట్ల మనిషి నడుము దాకా కూడా రాదు. ఆ లోతు లేకపోవడమే దాని ఐశ్వర్యం. పొడుగు కాళ్ల ఫ్లెమింగోలు నిలబడి బురదను జల్లించుకు తినాలంటే అలాంటి నీరే కావాలి. ఈశాన్య వానలకు సరస్సు నిండుతుంది, పక్షులు వస్తాయి. సంక్రాంతి ముందూ వెనకా మంచి సమయం. వేసవిలో ఉత్తర భాగం చాలా మేర ఎండిపోయి తెల్లటి బయలవుతుంది.

కారులో ఈ తోవ పావుగంట. బస్సులో కునుకు. సైకిలు మీద గంటన్నర. చప్పుడు లేదు కనుక పక్షులు బెదరవు. దూరంగా గులాబీ రంగు చార కనబడుతుంది. అది పక్షుల గుంపు అని తెలియడానికి కొంతసేపు పడుతుంది. ఒక్కసారిగా లేచినప్పుడు రెక్కల లోపలి ఎరుపు, నలుపు కనబడతాయి.

ఇక్కడ గాలి లెక్క మన కోసమే రాసినట్టు ఉంటుంది. తోవ పడమర నుంచి తూర్పుకు పోతుంది. తెల్లవారుజామున నేల గాలి వెనక నుంచి తోస్తుంది. పొద్దెక్కాక సముద్రపు గాలి ఎదురు తిరిగి, మనల్ని ఇంటి వైపు తోస్తుంది. చలికాలపు ఈశాన్య గాలి గట్టిగా ఉన్న రోజున వెళ్లేటప్పుడు కాస్త శ్రమ, వచ్చేటప్పుడు కానుక.

మొదటిసారి వెళ్లినప్పుడు నాతో ఒక మిత్రుడు వచ్చాడు. ఆయన, నేను ఒకే ఏడు సర్వీసులో చేరి, ఒకే నెలలో రిటైరయ్యాం. భార్య పోయిన తరవాత ఆయన ఇల్లు కదలడం మానేశాడు. ఫోను ఎత్తేవాడు కాదు. పెన్షను కూడా కొడుకే తెచ్చేవాడు. "సూళ్లూరుపేట దాకా తోడు రా, నువ్వు తొక్కకపోతే స్టేషనులో కూర్చో" అని బతిమాలి తీసుకువెళ్లాను. అక్కడ అద్దెకు ఒక సైకిలు దొరికింది. తొక్కాడు. కట్ట మధ్యలో ఆగి, సైకిలు స్టాండు వేసి, అరగంట ఆ నీళ్లకేసి చూస్తూ కూర్చున్నాడు. నేను పలకరించలేదు. ఆ తరవాత "ఇవి ఎక్కడి నుంచి వస్తాయిరా?" అని అడిగాడు. కచ్ ఎడారి వైపు నుంచి కూడా వస్తాయట అన్నాను. "అంత దూరం వచ్చి, మళ్లీ వెళ్లి, మళ్లీ వస్తాయా?" అన్నాడు. ఆరు నెలల తరవాత ఆయన నోటి నుంచి వచ్చిన మొదటి పెద్ద మాట అది. తిరుగు రైలులో కోడలికి తనే ఫోను చేసి, రాత్రికి పెరుగన్నం ఉంచమన్నాడు. సైకిలు మందు అని నేను అనను. డాక్టరు దగ్గరికి వెళ్లవలసినవారు వెళ్లాలి. కాని గది విడిచి బయటకు రావడానికి మనిషికి ఒక సాకు కావాలి. ఆ సాకుకు రెండు చక్రాలుంటే మంచిది.

తోవ చివర శ్రీహరికోట. పొడి నేలల సతతహరిత అడవి, సరస్సుకు సముద్రానికి మధ్య దీవి. 1971 అక్టోబరు 9న అక్కడి నుంచి మొదటి రోహిణి చిన్న రాకెట్టు లేచింది. 2002 నుంచి దాని పేరు సతీశ్ ధవన్ అంతరిక్ష కేంద్రం. 2023 జులై 14న చంద్రయాన్-3 వెళ్లింది అక్కడి నుంచే. అనుమతి లేనిదే గేటు లోపలికి పోనివ్వరు. మన తోవ గేటు దగ్గరే ఆగుతుంది. ప్రయోగం చూడదలిస్తే 2019లో తెరిచిన గ్యాలరీకి ముందే పేరు నమోదు చేసుకోవాలి. ప్రయోగం రోజున రద్దీ, ఆంక్షలు ఎక్కువ, ఆనాడు సైకిలు వద్దు. కేరళలోని తుంబాలో తొలి రోజుల్లో రాకెట్టు ముక్కును సైకిలు క్యారియరు మీద పెట్టుకు తీసుకుపోతున్న ఫోటో మీరు చూసే ఉంటారు. ఆ గేటు ముందు సైకిలు దిగినప్పుడల్లా నాకు ఆ ఫోటో గుర్తొస్తుంది. సైకిలును చిన్నచూపు చూడవలసిన పని ఏ శాఖకూ లేదు.

ఇంకొక నిజం కూడా చెప్పాలి. మనం హాయిగా తొక్కే ఆ రోడ్డు కట్టే సరస్సును రెండుగా చీల్చింది. నీరు అటూ ఇటూ పోవడానికి ఉన్న ఖాళీలు చాలవని ఎప్పటి నుంచో ఫిర్యాదు ఉంది. సముద్రపు నీరు లోపలికి వచ్చే రాయదొరువు ముఖద్వారం ఇసుకతో పూడిపోతున్నది. నీరు తగ్గితే చేప తగ్గుతుంది. చేప తగ్గితే ముందు పస్తుండేది జాలరి, ఆ తరవాత పక్షి.

సూళ్లూరుపేటకు ఉత్తరాన ఇరవై కిలోమీటర్ల దూరంలో నేలపట్టు ఉంది. చెరువులోని కడప చెట్ల మీద గూడబాతులు పిల్లల్ని పెంచుతాయి. ఆ రెట్టలు కలిసిన చెరువు నీరు పైరుకు మంచిదని ఊరివారు పక్షుల జోలికి పోరు. అది జాతీయ రహదారి కనుక సైకిలు మీద వద్దు, బస్సులో వెళ్లండి.

ఇంట్లోవారి అభ్యంతరం

"ఈ వయసులో సైకిలేమిటి?" అని మీ ఇళ్లలో అంటారు. మా ఇంట్లోనూ అన్నారు. మా అబ్బాయి "నాన్నా, దాన్ని పాత సామానువాడికి వేసేద్దాం" అన్నాడు. మా ఇంటావిడ అతని పక్షమే. వారి భయం తీసిపారేయదగ్గది కాదు. మన రోడ్లు మన యౌవనంలో ఉన్న రోడ్లు కావు. అందుచేత వాదనకు దిగకుండా కాగితం మీద షరతులు రాసి ఇచ్చాను. అవి మీకూ పనికొస్తాయి.

ఒకటి. బయలుదేరే ముందు డాక్టరుకు చూపించుకుని, బి.పి., గుండె సంగతి తేల్చుకోవాలి. ఛాతీ బిగిసినా, కళ్లు తిరిగినా అక్కడికక్కడే దిగిపోవాలి.

రెండు. ఒంటరిగా వెళ్లకూడదు. చీకటిలో తొక్కకూడదు. శిరస్త్రాణం, గంట, వెనక ఎర్ర దీపం, దూరానికి కనబడే రంగు చొక్కా తప్పనిసరి.

మూడు. ఉదయం తొమ్మిదిన్నర తరవాత నీడ పట్టాలి. దాహం వేయకముందే నీళ్లు తాగుతుండాలి. ఉప్పు వేసిన మజ్జిగ అన్నిటికన్నా మేలు.

నాలుగు. పంపు, ప్యాచీలు, సొల్యూషను వెంట ఉండాలి. తీరం నుంచి రాగానే చైను మంచినీటి గుడ్డతో తుడిచి నూనె వేయాలి. ఉప్పుగాలి వారం రోజుల్లో చైనును తినేస్తుంది.

అయిదు. దూరం ముందే ఇక్కడ అలవాటు చేసుకోవాలి. ఆదివారం తెల్లవారి సంజీవయ్య పార్కు, నెక్లెస్ రోడ్డు, ట్యాంక్‌బండ్ మీదుగా హుస్సేన్‌సాగర్‌ను ఒకసారి చుట్టి వస్తే దాదాపు పది కిలోమీటర్లు. అది ఆయాసం లేకుండా చేయగలిగితే పులికాట్ చేయగలరు. కార్లు అడ్డురాని చోటు కావాలంటే 2023 అక్టోబరులో ఔటర్ రింగురోడ్డు పక్కన తెరిచిన సైకిలు బాట ఉంది. తెరిచినప్పుడు నానక్‌రామ్‌గూడ వైపు, నార్సింగి నుంచి కొల్లూరు వైపు కలిపి 23 కిలోమీటర్లు. పైన సౌర పలకల కప్పు ఉంది కనుక ఎండ సగం తగ్గుతుంది.

సైకిలును రైలులో లగేజీ కింద బుక్ చేసి బ్రేక్‌వ్యానులో పంపవచ్చు. రసీదు జాగ్రత్త. మనం రసీదుల మనుషులమే కదా!

ఈ కాగితం కింద నేను సంతకం చేశాను. మా అబ్బాయి "చూశాను" అని రాసి సంతకం చేశాడు. కిందటి చలికాలం మా మనవడు కూడా నాతో కోరంగి వచ్చాడు. వాడి గేర్ల సైకిలు నాకన్నా ముందుకు పోతుంది. ఎదురుగాలి వచ్చినప్పుడు మాత్రం "తాతయ్యా, నువ్వు ముందుండు, నీ వెనక వస్తా" అంటాడు. వెనక ఉన్నవాడికి గాలి దెబ్బ తక్కువ అని వాడికి నేనే చెప్పాను.

ఒక విన్నపం

మిత్రులారా, నేను చెప్పిన నాలుగు తోవల్లో ఒక్కటీ కలకాలం ఇలాగే ఉండేది కాదు. ఉప్పాడను సముద్రం కోస్తున్నది. ఎర్రమట్టి దిబ్బలకు తవ్వకాల బెడద. కొల్లేరుకు గట్ల బెడద. పులికాట్ ముఖద్వారానికి ఇసుక బెడద. రోడ్లు వెడల్పు చేసినప్పుడల్లా కార్లకు చోటు పెరుగుతున్నది, సైకిలుకు తెల్ల గీత అవతలి మట్టి మిగులుతున్నది. పాలవాడు, చేపల బుట్ట కట్టుకున్న మనిషి, బడికి పోయే పిల్ల ఇప్పటికీ ఆ మట్టి మీదే తొక్కుతున్నారు. వారి తరఫున అర్జీ రాసేవారు లేరు.

మనకు అర్జీ రాయడం వచ్చు. ఏ శాఖకు, ఏ అధికారికి, ఏ కాగితం జతపరిచి పంపాలో మనకన్నా బాగా తెలిసినవారు లేరు. అందుచేత నా విన్నపం రెండు ముక్కల్లో చెబుతాను. వచ్చే చలికాలంలో మన సంఘం నుంచి నలుగురైదుగురం పులికాట్ వెళ్దాం. తొక్కలేనివారు ఆటోలో రండి, పక్షులకు ఆ తేడా తెలియదు. చూసి వచ్చిన తరవాత, చూసినదాన్ని తేదీతో సహా రాసి, రోడ్డు పక్కన సైకిలుకు గట్టి బాట వేయాలని, సరస్సులోకి నీరు వచ్చే దారులు తెరవాలని ఒక అర్జీ పెడదాం. జవాబు రాకపోతే జ్ఞాపిక పంపుదాం. దానికీ రాకపోతే రెండో జ్ఞాపిక. ఆ విద్యలో మనకు ముప్పై అయిదేళ్ల అనుభవం ఉంది, ఇప్పుడు తీరిక కూడా ఉంది.

పేర్లు ఇవ్వదలచినవారు సమావేశం ముగిశాక కార్యదర్శి గారి దగ్గర ఉన్న పుస్తకంలో రాయండి.